పండుగ రాత్రి పక్క గిన్నెలు

(సంఘం వార్షిక సమావేశంలో ఫిల్మ్‌నగర్ మహిళల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  

మైకు ముందు నిలబడ్డది ఒక్కరమే గాని, మాట్లాడేది ఎనిమిది మందిమి. ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఉంటాం. ఐదుగురం జూబ్లీహిల్స్ ఇళ్ళల్లో వంట చేస్తాం. ఇద్దరం షూటింగులకు భోజనాలు పంపే వంటశాలలో పనిచేస్తాం. ఒకరం కృష్ణానగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతాం. మా తండాలు దేవరకొండ, మహబూబాబాద్, నారాయణఖేడ్ వైపు. ఏం మాట్లాడాలో ముందే రాసుకుని, ఎనిమిది మందిమీ విని, కొట్టేసి, మళ్ళీ రాసుకుని తెచ్చిన మాటలివి.

పొద్దున్నుంచి ఈ వేదిక మీద పెద్దవాళ్ళు మన భాష గురించి, ఆట గురించి, అద్దాల రవికల గురించి మాట్లాడారు. మమ్మల్ని వంట గురించి చెప్పమన్నారు. సరే అన్నాం. అయితే మేము చెప్పేది పెద్ద వంట గురించి కాదు, పక్క గిన్నెల గురించి. రొట్టె పక్కన, అన్నం పక్కన నంజుకునే వాటి గురించి. అవి కూడా చేయి ఎక్కువ పట్టనివి. నవ్వకండి. దీని వెనక ఒక కథ ఉంది, అది చెప్పాక నవ్వుదురు.

దీపావళి మనకు కాళీమాస్. తండాలో ఆ రాత్రి ఎట్లా ఉంటుందో ఇక్కడ సగం మందికి తెలుసు. పెళ్ళికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ వస్తారు, పెద్దలకు మేరా చెప్తారు, పెద్దలు దీవించి చేతిలో ఏదో ఒకటి పెడతారు. జూబ్లీహిల్స్‌లో దీపావళి ఇంకో తీరు. పండుగకు ముందు వారం పది రోజులు ఒక ఇంట్లో కాకపోతే ఒక ఇంట్లో పేకాట పార్టీ ఉంటుంది. పండుగ రాత్రి చుట్టాలు, స్నేహితులు, సినిమావాళ్ళు. ఒక్కో ఇంట్లో ఇరవై రకాలు. వండేది మేమే.

కొన్నేళ్ళ కింద ఒక దీపావళికి, పేరు చెప్పం గాని, మాలో ఒకరిని ఆరింటికి పంపిస్తామన్న ఇంటివాళ్ళు పదిన్నర దాకా పంపలేదు. చుట్టాలు లేటుగా వచ్చారు, వేడి వేడి పూరీలు కావాలన్నారు. మిగతావాళ్ళం కూడా తొమ్మిదికి ముందు ఇల్లు చేరలేదు. ఆ ఇంటికి వెళ్ళి చూస్తే పిల్లలు బయట నుంచి తెచ్చుకున్న నూడుల్స్ తిని చాప మీద పడి నిద్రపోయారు. ఎనిమిదేళ్ళ పాప చేతి దగ్గర ప్రమిద ఉంది, నూనె పోసి ఉంది, ఒత్తి వేసి ఉంది, వెలిగించలేదు. మేరా ఎవరికి చెప్పాలి, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ లేరు కదా. ఫ్రిజ్‌లో మాంసం అట్లాగే ఉంది. మరునాడు వండుకుని తిన్నాం. రుచిగానే ఉంది. కాని పాప ఒక మాట అడిగింది. "నిన్న పండుగ వాళ్ళకా, మనకా?" అని.

అప్పుడు కూర్చుని లెక్క వేసుకున్నాం. పండుగ రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరితే తొమ్మిదికల్లా కూర్చుని తినాలి. అంటే గంట. మా ఇళ్ళల్లో ఉన్నది రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్వు. ఒక పొయ్యి మీద కుక్కర్‌లో మాంసం. రెండో పొయ్యి మీద జొన్నరొట్టె. ఎనిమిది మంది తినాలంటే ఇరవై రొట్టెలన్నా కావాలి. వేడినీళ్ళతో పిండి కలిపి, తట్టి, కాల్చి, ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు వేసుకోండి, గంట అక్కడికే సరి. ఇక మూడో పొయ్యి లేదు. కాబట్టి పళ్ళెంలో రొట్టె, మాంసం కాక ఇంకేం ఉండాలన్నా ఆ గంటలో పొయ్యి అడగకూడదు. మా వంటంతా ఈ ఒక్క లెక్క మీద నడుస్తుంది. ఇరవై రకాలు చేసి చేసి వచ్చిన చేతులం కదా, మొదట్లో మా ఇంట్లోనూ పది రకాలు చేయాలని ఆశ పడ్డాం. అది మన ఇంటి పని కాదని తెలిసేసరికి రెండు పండుగలు పోయాయి.

మొదట పచ్చిపులుసు. పేరులోనే ఉంది, దీన్ని మరిగించరు. పొద్దున పనికి పోయే ముందు పెద్ద నిమ్మకాయంత చింతపండు గిన్నెలో నానవేసి మూత పెట్టి పోవాలి. రాత్రి వచ్చి పిసికి, పిప్పి తీసేసి, లీటరు నీళ్ళు కలపాలి. ఉప్పు, చిన్న బెల్లం ముక్క, వేయించి దంచిన నువ్వుల పొడి మూడు చెంచాలు, కొంచెం జీలకర్ర పొడి. పచ్చిమిరపకాయలు నాలుగైదు, రొట్టె కాల్చే పెనం అంచున వేస్తే అవే కాలతాయి, వాటిని ఉప్పుతో నలిపి కలపాలి. ఉల్లిగడ్డ మాత్రం కూర్చునే ముందే కోయాలి. పొద్దున్నే కోసి వేస్తే రాత్రికి మెత్తబడి వాసన వస్తుంది. ఇది మేము చెడగొట్టుకుని నేర్చుకున్నది. పోపు పెట్టేవాళ్ళు పెట్టుకోవచ్చు. మాలో సగం మంది పెట్టరు. పోపు లేని పచ్చిపులుసే పచ్చిపులుసని వాళ్ళ వాదం. ఈ గొడవ ఇంకా తేలలేదు.

మాంసం కూర కారంగా, నూనెగా ఉంటుంది. దాని పక్కన ఈ పులుపు, ఈ నీళ్ళతనం ఉంటే నాలుగు రొట్టెలు తినేవాళ్ళు ఆరు తింటారు. పెద్ద ఇళ్ళల్లో మెనూ రాసేటప్పుడు ఇదే చూస్తారు. బరువైన దాని పక్కన తేలికైనది, మెత్తని దాని పక్కన కరకరలాడేది, వేడి దాని పక్కన చల్లనిది. మన అమ్మలు మెనూ రాయలేదు గాని, రొట్టె మీద మిరపకాయ తొక్కు పెట్టి పక్కన పచ్చి ఉల్లిగడ్డ పిడికిలితో పగలగొట్టి ఇచ్చారు. అందులో అన్నీ ఉన్నాయి.

ఆ తొక్కు సంగతి. ఎండుమిరపకాయలు పది, ఒక ఎల్లిగడ్డ మొత్తం, చెంచా జీలకర్ర, ఉప్పు. మిరపకాయల్ని పెనం మీద నూనె లేకుండా కొంచెం వేయించి అన్నీ కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో అయితే రెండు సార్లు తిప్పి ఆపేయండి. మెత్తగా అయితే అది తొక్కు కాదు, పేస్టు. పండుగకు రెండు రోజుల ముందే చేసి మూత గట్టిగా పెట్టుకోవచ్చు. నూనె మాత్రం వడ్డించే ముందే, కొంచెం వేడి చేసి పైన పోయాలి. ఆ చుయ్యిమనే చప్పుడుకి పక్కింటి పిల్లలు కూడా వస్తారు.

పల్లీ తొక్కు ఇంకా సులువు. గ్లాసు పల్లీలు ముందు రోజు రాత్రి వేయించి పెట్టుకోవాలి. పొట్టు తీసే పని పిల్లలది. కాల్చిన పచ్చిమిరపకాయలు ఆరు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, చిన్న చింతపండు ముద్ద, ఉప్పు, కాసిన్ని నీళ్ళు. ఒక్క తిప్పు. కారం తినని పిల్లలకు ఇందులోనే పెరుగు కలిపి పెట్టండి, గొడవ ఉండదు.

వంకాయ గురించి చెప్పాలంటే అది మా అందరికీ ఇష్టమైనది. పెద్ద గుండ్రటి వంకాయ ఒకటి. కత్తితో నాలుగు చోట్ల గుచ్చి, ఆ గాట్లలో ఎల్లిపాయ రెబ్బలు కూరి, పైన నూనె రాసి మంట మీద కాల్చాలి. తండాలో అయితే బూడిద కింద నిప్పుల్లో పెట్టేవాళ్ళు. ఆ వాసన గ్యాస్ మీద రాదు. రాదు గనక ఏడుస్తూ కూర్చోం కదా. ముందు రోజు రాత్రి, అన్నం తిన్నాక పొయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కాల్చి, తొక్క తీసి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పండుగ రాత్రి దాన్ని చేత్తో మెదిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, ఉప్పు, ఒక నిమ్మకాయ. ఐదు నిమిషాల పని. అంతే.

కీర పెరుగు పచ్చడి చెప్పక్కర్లేదు, అందరికీ వచ్చు. ఒక్క మాట. ఉప్పు ముందే వేస్తే నీళ్ళు ఊరి పెరుగంతా పలచబడుతుంది. తినే ముందు వేయండి.

గుగ్గిళ్ళకు పొయ్యి కావాలి, నిజమే. కాని పొద్దున్నే అయిపోతుంది. శనగలో బొబ్బర్లో ముందు రాత్రి నానేసి, పొద్దున టీ పెట్టేటప్పుడు రెండో పొయ్యి మీద కుక్కర్ పెట్టి, దించి పనికి పోవడమే. రాత్రికి ఉల్లిగడ్డ, నిమ్మకాయ కలిపితే చాలు. గుగ్గిళ్ళు లేని పండుగ మా చిన్నతనంలో మాకు గుర్తు లేదు. పెసరపప్పు గంట నానబెట్టి కీర ముక్కలు, కొబ్బరి, నిమ్మకాయతో కలిపే వడపప్పు కూడా ఈ జాబితాలోకే వస్తుంది. శ్రీరామనవమికి గుళ్ళో పెడతారని దాన్ని మిగతా రోజుల్లో మరిచిపోతాం ఎందుకో.

సళోయి గురించి అడుగుతారని తెలుసు. ముందు వరుసలో తాతలు అప్పుడే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మేక రక్తంతో చేసే ఆ వంట మన పండుగకు ప్రాణం, కాదనం. కాని అది అప్పటికప్పుడు కోసిన మేకతో, నలుగురు మగవాళ్ళు చేయి వేస్తే అయ్యే వంట. నగరంలో మటన్ షాపు ముందు లైన్‌లో నిలబడి తెచ్చిన కిలో మాంసంతో అది కాదు. అది తండాకి పోయినప్పుడే. ఇక్కడ దాని నకలు చేసి పిల్లలకు ఇదే సళోయి అని చెప్పొద్దని మా అభిప్రాయం. లేనిది లేదని చెప్తే, ఊరికి పోయినప్పుడు అడుగుతారు.

జొన్నరొట్టె కొనుక్కోవచ్చా అని మాలోనే ఒక తగువు ఉంది. సాయంత్రం అయితే నగరంలో రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు తట్టి అమ్మే ఆడవాళ్ళు ఎంతమందో. వాళ్ళ దగ్గర ఇరవై రొట్టెలు చెప్పి పెట్టుకుంటే మన గంట మిగులుతుంది. ఏడుగురం తప్పు లేదన్నాం. ఎనిమిదో ఆమె, మాలో పెద్దది, "పండుగ నాడు కూడా నా చేయి పిండికి తగలకపోతే ఇంకెందుకు" అంది. ఆమె ఇంట్లో ఆమె తడుతుంది. మా ఇళ్ళల్లో కొంటాం. ఆమె రొట్టెలు మాత్రం అడిగి తెచ్చుకుంటాం. ఇంట్లో చేసుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త. పిండి పాతదైతే రొట్టె అంచులు పగులుతాయి. పండుగ వారంలో పట్టించిన పిండి వాడండి.

రొట్టె అంటే గుర్తొచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా. ఆ ఏడాది మేము పనిచేసే ఇళ్ళల్లో మా విలువ కాస్త పెరిగింది. అంతకుముందు మా డబ్బాలో రొట్టె చూసి "రోజూ ఇదేనా" అన్నవాళ్ళే "మాకూ చేసి పెట్టమ్మా, డాక్టర్ చెప్పాడు" అన్నారు. చేసి పెట్టాం. ఎల్లిపాయ తొక్కు కూడా పెట్టాం. చిన్న గాజు గిన్నెలో వేసి, పైన కొత్తిమీర ఆకు నిలబెట్టి వడ్డించుకున్నారు. అతిథులు ఫొటో తీసుకున్నారు. మాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా అనిపించింది. బంజారాహిల్స్ అని కొండకి మన పేరు ఉంది. ఆ కొండ మీద రోడ్డు నంబరు 10లో సేవాలాల్ బంజారా భవన్, కుమురం భీం ఆదివాసీ భవన్ 2022 సెప్టెంబరు 17న ప్రారంభమయ్యాయి. మంచిదే, పోయి చూశాం. కాని ఆ పక్క వీధుల్లోని వంటగదుల్లో మనం రోజూ ఉన్నాం. మన తొక్కు వాళ్ళ బల్ల మీదకి చేరింది. మన పిల్లల పళ్ళెంలో నూడుల్స్ ఉన్నాయి. మమ్మల్ని ఈ మాటలు రాయించింది అదే.

షూటింగ్ వంటశాలలో పనిచేసే మా ఇద్దరు చెప్పినవి కొన్ని ఉన్నాయి, అవి పనికొస్తాయి. అన్నపూర్ణ, రామానాయుడు లాంటి స్టూడియోలు ఇక్కడ వెలిసినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల బస్తీలకు సినిమా అన్నం కూడా పనే. షూటింగ్‌కి అన్నం ఎప్పుడు పంపాలో తెలుసు, వాళ్ళు ఎప్పుడు తింటారో దేవుడికి తెలుసు. ఒంటిగంటకు బ్రేక్ అంటారు, షాట్ ఓకే కాక మూడవుతుంది. అందుకని రెండు గంటలు ఆగినా చెడనివి, తడి ఒకచోట పొడి ఒకచోట పెట్టి పంపుతారు. పొడి వేరే డబ్బాలో, నీళ్ళు వేరే డబ్బాలో, ఉల్లిగడ్డ కోయకుండా, నిమ్మకాయ చెక్క చేయకుండా. కలపడం అక్కడే. మా ఇంటి పండుగకు ఇదే పెట్టుకున్నాం. ఆలస్యం అవుతుందని ముందే ఒప్పుకుని, దానికి తగ్గ వంట చేసుకోవడం. ఉడికించిన శనగలు, వంకాయ లాంటివి మాత్రం రోజంతా బయట ఉంచొద్దు. ఫ్రిజ్ లేనివాళ్ళు పక్కింటి ఫ్రిజ్‌లో చోటు అడగండి, మేము అడుగుతాం.

ఇంట్లో ఎవరేం చేయాలో కూడా చెప్పాలి. ఆడవాళ్ళు వచ్చేదాకా గిన్నెలు ఎదురు చూడకూడదు. ఇప్పుడు మా బస్తీలో ఎల్లిపాయలు ఒలవడం, పల్లీల పొట్టు తీయడం, చింతపండు పిసకడం మగపిల్లల పని. ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి పచ్చిపులుసు అంతా తనే చేస్తాడు, ఉప్పు ఒక్కటే మమ్మల్ని చూడమంటాడు. మొగుళ్ళ గురించి ఏం చెప్పాలి. లైట్‌మన్ పని చేసే ఒకాయన మటన్ కడిగి, కోసి, మసాలా పట్టించి పెడతాడు. మిగతావాళ్ళు నేర్చుకుంటున్నారు. చప్పట్లు వద్దు, ఇంకా నేర్చుకుంటున్నారు అన్నాం.

గోండు అన్నదమ్ముల దగ్గర మేము నేర్చుకున్నదొకటి ఉంది. దీపావళి రోజుల్లో దండారి జట్లు గుస్సాడీలతో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతాయి, పోయిన ఊరివాళ్ళు వాళ్ళను చుట్టాలుగా చూసుకుని అన్నం పెడతారు. 2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి కనకరాజు గారి ఆట మనం టీవీల్లో చూశాం, ఆయన ఇప్పుడు లేరు. ఆటతో పాటు ఆ అన్నం పెట్టే పద్ధతి మమ్మల్ని ఆకట్టుకుంది. ఊరంతా కలిసి పెడితే ఒక్క ఇంటి మీద బరువు పడదు. అందుకే మేమూ ఒక్కో ఇంట్లో అన్నీ చేయడం మానేశాం. ఒక ఇల్లు పచ్చిపులుసు, ఒక ఇల్లు వంకాయ, ఒక ఇల్లు గుగ్గిళ్ళు. ఎనిమిది ఇళ్ళకూ సరిపడా చేస్తే, ఒక్కొక్కరికి ఒక్క గిన్నె పనే. గల్లీలో చాపలు వేసి అందరం ఒకచోట తింటాం.

ఇంత చెప్పి అసలు సంగతి దాచలేం. వంట ఎంత తేలిక చేసుకున్నా, ఎనిమిదికి ఇల్లు చేరనిస్తేనే కదా. అందుకని పోయినసారి దసరా అప్పుడే మేము పనిచేసే ఇళ్ళల్లో చెప్పాం. దీపావళి నాడు పొద్దున ఆరుకే వస్తాం, అన్నీ వండి పెడతాం, సాయంత్రం ఏడుకి పోతాం, వడ్డించడానికి వేరే మనిషిని చూసుకోండి అని. ఐదు ఇళ్ళల్లో చెప్తే మూడు ఇళ్ళు సరే అన్నాయి. అందులో ఒక ఇంటి అమ్మగారు "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు" అని బాధ పడింది. ఒక ఇల్లు ఎక్కువ డబ్బులిస్తాం ఉండమంది. ఇంటిదగ్గర పాప మేరా చెప్పాలి అంటే వాళ్ళకు అర్థం కాలేదు, అయినా ఎనిమిదికి పంపారు. ఒక ఇల్లు పండుగ అయ్యాక పని మాన్పించింది. కారణం వేరే చెప్పారు. ఆ ఇంటి జీతం పోయిన రెండు నెలలు మిగతా ఏడుగురం తలా కొంత వేసుకున్నాం. ఇప్పుడు ఆమెకు వేరే ఇల్లు దొరికింది. పాత ఇంటికన్నా దూరం, జీతం అయిదొందలు తక్కువ. తప్పు చేశామా అని ఆమెనే అడిగాం. "చేసిందే చేద్దాం, కాకపోతే ఈసారి దసరాకి కాదు, వినాయక చవితికే చెబుదాం, వాళ్ళు మనిషిని చూసుకోవడానికి టైం ఉంటుంది" అంది.

ఆ రాత్రి మా గల్లీలో పదకొండు మంది ఆడపిల్లలు దీపాలు పట్టుకుని వచ్చారు. గల్లీలో తెలుగువాళ్ళ పిల్లలు ఇద్దరు, బీదర్ నుంచి వచ్చిన వాళ్ళ పాప ఒకతె కూడా వాళ్ళ వెనక నడిచారు. మేరా ఏమిటో తెలియక ఆ ముగ్గురూ హ్యాపీ దీపావళి అన్నారు. వాళ్ళకూ చేతిలో పది రూపాయలు పెట్టాం. "పండుగ ఎవరికి" అని అడిగిన పాప ఇప్పుడు పెద్దదైంది, దీపాల వరుసకు తనే ముందు. తినేటప్పుడు పచ్చిపులుసులో పోపు ఎందుకు లేదని తగువు పెట్టుకుంది.

ఇంకో మాట, కావాలని చివరికి ఉంచాం. బయట వరండాలో బల్ల మీద ఇప్పుడు చెప్పిన ఏడు గిన్నెలూ పెట్టాం. పచ్చిపులుసు రెండు రకాలు, పోపుతో ఒకటి, లేకుండా ఒకటి. పక్కన ఒక నోట్‌బుక్ ఉంది. మీ ఊళ్ళో పొయ్యి లేకుండా చేసే పచ్చడి ఏదైనా ఉంటే దాని పేరు మీ భాషలో, కొలతలు మన అందరికీ అర్థమయ్యేటట్టు రాసి పోండి. రాయడం రానివాళ్ళు చెప్పండి, పిల్లలు రాస్తారు. మాలో పెద్దామె పొద్దున నాలుగు నుంచి రొట్టెలు తడుతోంది. చల్లారుతున్నాయి, లేవండి.